నాలుగు మరమేకుల వాద్యం

వాద్యాన్ని ఒకే మానులోంచి తొలచి తీయడం గొప్ప, ముక్కలు చేర్చి కూర్చడం తక్కువ అనే భావన మన దేశంలో బాగా పాతుకొనిపోయినది. విజయనగరం జిల్లా బొబ్బిలి దగ్గరి గొల్లపల్లి శిల్పులు పనసదుంగను ఎంచుకొని కుండనూ దండినీ విడదీయకుండా చెక్కుతారు. ఏకాండ వీణ అన్న పేరు అక్కడ వర్ణన మాత్రమే కాదు, బిరుదు కూడా. తంజావూరులో ఏకాండ వీణలతోపాటు కుండ, దండి, యాళి వేరువేరుగా చేసి అతికిన వీణలూ తయారవుతాయి. కొనేవాడికీ అమ్మేవాడికీ మధ్య ధర మాట వచ్చేసరికి అతుకు మాటా వస్తుంది. అతుకు ఉన్నచోట నాదం ఆగుతుందని ఒకరంటారు, అతుకు సరిగా కుదిరితే చెవికి తెలియనే తెలియదని మరొకరంటారు.

ఇదే వివాదం అమెరికాలో పుట్టిన విద్యుత్ గిటారు చుట్టూ డెబ్బై ఏళ్లకు పైగా నడుస్తూ ఉంది. అక్కడ అది మరింత ఘాటుగా ఉంది. ఎందుకంటే అక్కడ అతుకు వేసింది జిగురు కూడా కాదు, నాలుగు మరమేకులు. మేజా కాలు ఊడకుండా బిగించే వస్తువుతో గిటారు మెడను బిగించడమేమిటన్న ఆక్షేపణ మొదటినుంచీ ఉంది. అలాంటి వాద్యం చవకబారుదనీ, దాని నాదం త్వరగా చచ్చిపోతుందనీ, మంచి వాద్యానికి జిగురు అతుకు గాని ఏకదారువు గాని ఉండవలసిందేననీ దుకాణాల్లోనూ వాదకుల గోష్ఠుల్లోనూ నేటికీ వినిపిస్తుంది. ఈ తీర్పు ఎంతవరకు చెవి చెప్పినది, ఎంతవరకు మర్యాద చెప్పినది అనేదే ఇక్కడ విచారించవలసిన విషయం.

మెడను మొండేనికి కలిపే పద్ధతులు ప్రధానంగా మూడు. మెడ చివర కుసి తీసి, మొండెంలో తొలిచిన బెజ్జంలో దించి, వడ్రంగులు వజ్రం అని పిలిచే జంతుచర్మపు జిగురుతో అతకడం మొదటిది. ఇది ఐరోపా వాద్య నిర్మాణంలో తరతరాల ఆచారం. మెడ కొయ్యనే మొండెం చివరిదాకా సాగనిచ్చి, దానికి ఇరువైపులా రెక్కలు చేర్చడం రెండోది. పాల్ బిగ్స్‌బీ 1948లో మెర్ల్ ట్రావిస్ అనే గాయకుడికోసం చేసిన గిటారు ఇలాంటిదే. మూడోది మొండెంలో గాడి తొలిచి, మెడ మడమను అందులో కూర్చోబెట్టి, వెనకనుంచి మరమేకులు బిగించడం. దీనికి ఇంగ్లీషులో స్థిరపడిన ‘బోల్ట్ ఆన్’ అన్న పేరు నిజానికి తప్పు. చాలా గిటార్లలో బోల్టూ లేదు, నట్టూ లేదు. ఉన్నవి కొయ్యలో దిగే మామూలు మరమేకులు. తప్పు పేరు పడిన వస్తువుకు తప్పు తీర్పు కూడా పడటంలో వింతేమీ లేదు.

ఈ మూడో పద్ధతిని లోకానికి పరిచయం చేసిన ఖ్యాతి లియో ఫెండర్‌కు దక్కింది గాని, అందులో ఆయన ప్రథముడు కాడు. రికెన్‌బాకర్ సంస్థ 1935లోనే బేకలైటుతో పోతపోసిన గిటారుకు ఊడదీయగల మెడను బిగించింది. ఆ సంస్థతో సంబంధమున్న డాక్ కౌఫ్‌మన్ తరువాత 1940లలో ఫెండర్‌కు వ్యాపార భాగస్వామి అయ్యాడు. ఆలోచన ఇలా ఒక చోటినుంచి మరో చోటికి నడిచి వచ్చి ఉండవచ్చు. అయితే ఆ పద్ధతిని ఒక సంపూర్ణమైన ఉత్పత్తి సిద్ధాంతంగా మలచినవాడు మాత్రం నిస్సందేహంగా ఫెండరే.

ఫెండర్ (1909–1991) గిటారు వాయించడం రాని మనిషి. కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో 1938లో రేడియోల మరమ్మతు దుకాణం తెరిచినవాడు. ఈ జీవిత వివరం అప్రధానం కాదు. వాద్యశిల్పి తన చేతి పనిని ఒక అఖండ వస్తువుగా చూస్తాడు. రేడియో బాగుచేసేవాడు ఏ వస్తువునైనా విడదీయగల భాగాల సముదాయంగా చూస్తాడు. వాల్వు కాలిపోతే రేడియోను పారవేయరు, వాల్వు మారుస్తారు. గిటారులో అరిగేది మెడ. మెట్లు అరుగుతాయి, కొయ్య వంగుతుంది. అలాంటప్పుడు మెడను నాలుగు మరలు విప్పి తీసి, మరొకటి బిగిస్తే సరిపోదా? వాద్యనిర్మాణ సంప్రదాయంలో పెరిగినవాడికి తోచని, తోచినా నోట రాని ప్రశ్న ఇది. పందొమ్మిదో శతాబ్దపు తుపాకుల కర్మాగారాలలో పుట్టి, మోటారు కార్లలో ఎదిగిన మార్పిడి భాగాల పద్ధతి సంగీత వాద్యంలోకి అడుగుపెట్టింది ఈ ద్వారంగుండానే.

ఆ ఆలోచనకు తొలి పరీక్ష వెంటనే ఎదురైంది. 1950లో వెలువడిన ఎస్క్వయర్ గిటారు మొదటి ప్రతుల మెడలలో ఉక్కు కడ్డీ లేదు. గట్టి మేపుల్ కొయ్య తీగల లాగుడుకు తట్టుకొంటుందని ఫెండర్ నమ్మాడు. కొయ్య నమ్మకాన్ని నిలబెట్టలేదు, మెడలు వంగాయి. ఆ ఏడాది ముగిసేలోగానే మెడలోపల సవరించగల ఉక్కు కడ్డీ వచ్చి చేరింది. రెండు పికప్‌లతో బ్రాడ్‌కాస్టర్‌గా విడుదలైన వాద్యం, గ్రెట్ష్ సంస్థ వాద్యాల పేరుతో పోలిక ఉందన్న అభ్యంతరంవల్ల 1951లో టెలికాస్టర్ అయింది. స్ట్రాటోకాస్టర్ 1954లో వచ్చింది. మధ్యలో 1952లో గిబ్సన్ సంస్థ జిగురు అతుకుతో, మహాగని మొండెంపై మేపుల్ పలకతో లెస్ పాల్ గిటారును తెచ్చింది. అప్పట్లో టెలికాస్టర్ ధర సుమారు 190 డాలర్లు, లెస్ పాల్ ధర 210 డాలర్లు. చవకబారు, మేలురకం అన్న విభజనకు ఈ అంకెలు పెద్దగా మద్దతివ్వవు. ఆ విభజన తరువాతి కాలంలో వచ్చినది.

అసలు ఆ అతుకు ఎలా పనిచేస్తుందో కొంచెం నిదానంగా చూడాలి. మొండెం మందం 44 మిల్లీమీటర్లు. అందులో సుమారు 16 మిల్లీమీటర్ల లోతు గాడి. గాడి పొడవు మూడు అంగుళాలు, వెడల్పు రెండు అంగుళాలకు కొంచెం ఎక్కువ. మెడ మడమ అందులో చదునుగా కూర్చుంటుంది. వెనకవైపు లోహపు పలక. పలకలోని నాలుగు రంధ్రాలగుండా మరమేకులు మొండేన్ని దాటి మెడలోకి దిగుతాయి. ఇక్కడ తెలిసిన పనివాడు పాటించే నియమం ఒకటుంది. మర మొండెంలో కరవకూడదు, మెడలో మాత్రమే కరవాలి. మొండెంలోని రంధ్రం మరకన్నా కాస్త వదులుగా ఉంటేనే, బిగించినకొద్దీ పలక వెనకనుంచి అదుముతూ మెడను గాడి అడుగుకు లాగుతుంది. రెండింటిలోనూ మర కరచుకొంటే మధ్యలో వెంట్రుకవాసి సందు అలాగే నిలిచిపోతుంది, మర ఎంత తిప్పినా అది మూయదు. మామూలు మందంగల ఆరు తీగల లాగుడు మొత్తం దాదాపు 45 కిలోల బరువుతో సమానం. ఆ బలం రాత్రింబగళ్లు మెడను ముందుకు వంచాలని చూస్తుంది. దాన్ని నిలువరించేది మరల బలం ఒక్కటే కాదు. కొయ్యకూ కొయ్యకూ మధ్య ఒరిపిడి, గాడి గోడల బిగువు కూడా అందులో పాలుపంచుకొంటాయి. అందువల్ల మంచి అతుకుకూ చెడ్డ అతుకుకూ తేడా మరమేకులో లేదు, గాడి తొలిచిన ఉలిలో ఉంది.

ఇక నాదం మాట. జిగురు అతుకును కీర్తించేవారి వాదం క్లుప్తంగా ఇది: తీగ కంపనం మెడనుంచి మొండేనికి అవరోధం లేకుండా పారితే కొయ్య అంతా మోగుతుంది, కొయ్య మోగితే నాదం ఎక్కువసేపు నిలుస్తుంది. వినడానికి సొంపుగా ఉన్న ఈ వాక్యం తనను తానే ఖండించుకొంటుంది. మీటిన తీగలో ఉన్న శక్తి పరిమితం. అందులో కొయ్యకు పోయిన భాగం తీగకు తిరిగి పూర్తిగా రాదు. కొయ్య ఎంత ఎక్కువ మోగితే తీగ అంత త్వరగా అలసిపోతుంది. నాదం నిలకడ కోరుకొనేవాడు కొయ్య కదలకూడదని కోరుకోవాలి. కొయ్య ప్రతిస్పందన కోరుకొనేవాడు నిలకడలో కొంత వదులుకోవాలి. రెండూ ఒకే కారణంనుంచి ఒకేసారి వస్తాయనడం తర్కానికి నిలవదు.

విద్యుత్ గిటారులో చెవికి చేరేది కొయ్య ధ్వని కాదన్నది ఇంకా ముఖ్యం. అయస్కాంతానికి చుట్టిన సన్నని రాగితీగ చుట్టే పికప్. ఉక్కుతీగ దానిపైన కదిలినప్పుడు పుట్టే విద్యుత్తు ఆంప్లిఫైయరుకు పోతుంది. కొయ్య ఇందులో ఏ పాత్రా లేనిది కాదు. తీగ రెండు కొనలను పట్టుకొన్నది అదే. పట్టు ఏ స్వరం దగ్గర సడలితే ఆ స్వరం త్వరగా ఆరిపోతుంది. ఇలాంటి ‘మృతస్థానాలు’ గిటారు మెడమీద ఎందుకు ఏర్పడతాయో జర్మన్ పరిశోధకులు హెల్ముట్ ఫ్లైషర్, టిల్మన్ జ్విక్కర్ 1998లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. మరమేకుల అతుకుగల స్ట్రాటోకాస్టరును, జిగురు అతుకుగల లెస్ పాల్‌ను వారు కొలతకు పెట్టారు. తీగ శక్తి ప్రధానంగా బయటికి పోయేది బ్రిడ్జి వైపునుంచి కాదని, మెడ వైపునుంచని తేలింది. పొడుగాటి సన్నని మెడకు సహజమైన కంపనరీతులు ఉంటాయి. తీగ స్వరం వాటిలో ఒకదానితో కలిసిన చోట, కలిసిన మెట్టు దగ్గర, నాదం ఆరిపోతుంది. అంటే వంగేది, ఊగేది మెడ పొడవంతా. మడమ దగ్గరి అతుకు ఆ కథలో ఒక అంశం మాత్రమే.

అతుకునే వేరుచేసి పరీక్షించాలన్న ఆలోచన కూడా వచ్చింది. ఆర్. ఎం. మోటోలా అనే వాద్యనిర్మాత 2007లో అమెరికన్ లూథరీ పత్రికలో మూడు రకాల మెడ అతుకులను నాదం నిలకడ దృష్టితో పోల్చి రాశాడు. మరమేకుల అతుకు నిలకడను చంపుతుందన్న ప్రచారాన్ని ఆ కొలతలు బలపరచలేదు. ఒక్క ప్రయోగంతో వివాదం ముగిసిందనడం తొందరపాటే అవుతుంది. కాని ప్రచారం చేసేవారు ఆపాటి ప్రయోగాన్నయినా తమ పక్షాన చూపలేకపోవడం గమనించదగినది.

మరి టెలికాస్టరుకూ లెస్ పాల్‌కూ నాదంలో తేడా లేదా? ఉంది. చెవి ఉన్నవాడెవడూ కాదనడు. మొదటిది చురుకైనది, మీటగానే ఛళ్లుమంటుంది. రెండోది దళసరి, మెత్తన. చిక్కేమిటంటే ఈ రెండు వాద్యాలమధ్య తేడా అతుకు ఒక్కటే కాదు. ఫెండర్ తీగ పొడవు 648 మిల్లీమీటర్లు, గిబ్సన్‌ది దానికన్నా రెండు సెంటీమీటర్లు తక్కువ. ఒకదాని మెడ మేపుల్, మరొకదానిది మహాగని. ఒకదానిలో ఒంటిచుట్టు పికప్, మరొకదానిలో 1957నుంచి సెత్ లవర్ రూపొందించిన జంటచుట్టు పికప్. బ్రిడ్జి నిర్మాణం వేరు. ఇన్ని కారణాలలో కంటికి కనిపించేది, దుకాణంలో వెనక్కి తిప్పి చూపించగలిగేది మరల పలక ఒక్కటే. అందుకే నేరం దానిమీద పడింది. చరిత్ర రచనలోనూ ఈ లోపం కొత్తది కాదు: రాజ్యం పతనమైతే కళ్లముందున్న మంత్రిని నిందించడం, ఎండిన చెరువులను లెక్కించకపోవడం.

అలాగని ఈ పద్ధతికి అపకీర్తి పూర్తిగా అకారణంగా వచ్చిందనీ చెప్పలేం. ఫెండర్ సంస్థను 1965 జనవరిలో సి.బి.ఎస్. ప్రసార సంస్థ 1.3 కోట్ల డాలర్లకు కొన్నది. 1971నుంచి స్ట్రాటోకాస్టర్ మెడకు నాలుగు మరలకు బదులు మూడే వచ్చాయి. మడమ దగ్గర మెడ కోణాన్ని సవరించే చిన్న యంత్రాంగమూ చేరింది. ఆలోచన మంచిది. అంతకుముందు కోణం మార్చాలంటే మెడ విప్పి గాడిలో అట్టముక్కో, సన్నని పేడో పెట్టవలసి వచ్చేది. కాని ఉత్పత్తి పెరిగినకొద్దీ గాడులు వదులయ్యాయి. వదులు గాడిలో మూడు మరలమీద నిలిచిన మెడ అటూఇటూ జరిగేది, శ్రుతి చెదిరేది. వాదకులు ‘మూడు మరల’ గిటారు అంటూ ముఖం చిట్లించడం మొదలైంది. 1980ల ప్రారంభంలో సంస్థ మళ్లీ నాలుగుకు తిరిగివచ్చింది. 1985లో బిల్ షుల్ట్జ్ నాయకత్వంలో ఉద్యోగులే సంస్థను సి.బి.ఎస్. చేతినుంచి కొన్నారు.

ఈ ఘట్టాన్ని సాధారణంగా మరమేకుల పద్ధతి వైఫల్యంగా చెబుతారు. నిజానికి అది మరొకదాన్ని రుజువు చేస్తుంది. ఆ మూడు మరలనే, ఆ కోణపు సవరణనే లియో ఫెండర్ తాను తరువాత నెలకొల్పిన జి అండ్ ఎల్ సంస్థ గిటార్లలో వాడాడు. గాడి బిగువుగా తొలిచిన ఆ వాద్యాలమీద అలాంటి ఫిర్యాదు వ్యాపించలేదు. తప్పు లెక్కలో లేదు, పర్యవేక్షణలో ఉంది. మూడు మరలు పొదుపుకోసం వచ్చాయా, సౌకర్యంకోసం వచ్చాయా అన్న చర్చకన్నా, గాడి కొలత చూడవలసినవాడు చూశాడా లేదా అన్న ప్రశ్న ముఖ్యం. కార్యాలయ వ్యవహారాలతో పరిచయమున్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

నాణ్యత అన్న పదానికి మరమ్మతు కూడా అర్థమే అనుకొంటే తక్కెడ ఇంకాస్త మొగ్గుతుంది. లెస్ పాల్ మెడ వెనక్కి వాలిన తలతో ఒకే మహాగని ముక్కలో తీసినది. గిటారు వెల్లకిలా పడితే తల మొదట్లో విరుగుతుందన్నది ప్రతి మరమ్మతుదారుకూ తెలిసిన సంగతి. విరిగితే అతకడమో, జిగురును ఆవిరితో కరిగించి మెడనే తీయడమో చేయాలి. ఏకదారు మెడగల ఫైర్‌బర్డ్ గిటారును గిబ్సన్ 1963లో తెచ్చి, 1965లోనే ఆ నిర్మాణాన్ని వదులుకొంది. మరమేకుల మెడకైతే ఒక తిప్పుడుసాధనం, పావుగంట వ్యవధి చాలు. దీనికీ లోపం లేకపోలేదు. మడమ మందంగా ఉండి ఎగువ స్వరాలకు చేయి చేరనివ్వదు. మరలు పదేపదే విప్పి బిగిస్తే మెడలోని రంధ్రాలు అరుగుతాయి. కాని ఇవి నాదదోషాలు కావు.

వీణతో పోలిక ఎక్కడిదాకా వెళుతుందో, ఎక్కడ ఆగుతుందో ఇక్కడ చెప్పుకోవాలి. వీణలో కొయ్యే గొంతు. తీగ కంపనాన్ని కుండ పైపలక గ్రహించి గాలికి ఇస్తుంది. కొయ్య కదలకపోతే సభకు వినిపించేదేమీ ఉండదు. అక్కడ అతుకు గురించి పట్టింపుకు ఆధారం ఉంది. అయినా దాన్ని ఏకాండమా కాదా అన్న ఒక్క ప్రశ్నకు కుదించడం శిల్పి నైపుణ్యానికి అన్యాయమే. గట్టి మొండెంగల విద్యుత్ వాద్యంలో కొయ్య గొంతు కాదు, తీగను పట్టుకొన్న చేయి. ఒకదాని గౌరవసూత్రాన్ని మరొకదానికి తగిలించడం చెల్లదు. ఈ తేడాను గ్రహించి ఫలితం చూపినవాడు తెలుగువాడే కావడం సంతోషకరం. పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) జంటతీగల మాండలిన్‌ను ఒంటితీగలకు మార్చి, నాలుగింటికి అయిదో తీగ చేర్చి, విద్యుత్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతపు గమకాన్ని నిలబెట్టాడు. బోలు లేని ఆ చిన్న వాద్యంలో దీర్ఘస్వరం నిలవడానికి కారణం కొయ్య గుణంకన్నా తీగ పట్టు, పికప్, అన్నింటికన్నా ఆ వేళ్లు.

గొప్ప వాదకులు ఈ అతుకును ఎలా చూశారన్నది చివరి సాక్ష్యం. ఎరిక్ క్లాప్టన్ 1970లో నాష్‌విల్‌లోని ఒక దుకాణంలో పాత స్ట్రాటోకాస్టర్లను కొన్ని ఒకేసారి కొని, మూడింటిలోని మేలైన భాగాలు ఏరి, ఒక గిటారుగా కూర్పించాడు. ‘బ్లాకీ’ అన్న పేరుతో ఏళ్లతరబడి ఆయన ప్రధాన వాద్యంగా ఉన్న అది 2004లో వేలంలో 9,59,500 డాలర్లు పలికింది. ఎడ్డీ వాన్ హాలెన్ తక్కువ ధరకు దొరికిన రెండోరకం మొండేన్నీ, విడిగా కొన్న మెడనూ కలిపి బిగించుకొన్న గిటారుతో తన బృందం తొలి ఆల్బమ్‌ను 1978లో వినిపించాడు. ఆ తరువాత ఒక తరం యువకులు ఇళ్లలో మరలు విప్పడం మొదలుపెట్టారు. విడిమెడలు, విడిమొండేలు అమ్మే వ్యాపారమే విస్తరించింది. వాద్యశిల్పి ఒక్కడే తెలిసిన రహస్యం వాదకుడి చేతికి వచ్చింది. జిగురు అతుకుగల గిటారుతో ఇది జరిగే పని కాదు.

పింక్ ఫ్లాయిడ్ బృందానికి చెందిన డేవిడ్ గిల్మర్ నల్ల స్ట్రాటోకాస్టర్ కథ ఇంకా విచిత్రం. 1970లో న్యూయార్క్‌లో కొన్న ఆ గిటారుకు తరువాతి ఏళ్లలో పికప్‌లు మారాయి, పైపలక మారింది, మెడ ఒకటికి నాలుగుసార్లు మారింది. ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ నాటి మెడ వేరు, ‘ద వాల్’ నాటి మెడ వేరు. 2019 జూన్‌లో న్యూయార్క్‌లోని క్రిస్టీస్ సంస్థ దాన్ని వేలానికి పెట్టినప్పుడు ఈ మార్పులేవీ దాచలేదు. ఏ మెడ ఎప్పుడు బిగించారో వాద్యచరిత్రలో భాగంగానే చెప్పారు. పాట 39,75,000 డాలర్ల దగ్గర ఆగింది. కొన్నవాడి చేతికి వెళ్లిన ఆ గిటారు వెనకవైపు, లోహపు పలకలో, నాలుగు మరమేకులు ఉన్నాయి.